మూడు మెట్ల దివాణం

“ఆ బల్ల వీధిలోకి కనిపించిందంటే నేను ఊరుకోను!” అని మామయ్య మూడోసారి అరిచారు.

వడ్రంగి ఆ పొడుగాటి చెక్క బల్లకి ఒక కొన పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. రెండో కొన నా చేతుల్లో ఉంది. బయటికి దించాలో, లోపలికి మోసుకెళ్ళాలో ఇద్దరికీ తెలియదు. బరువు మాత్రం ఇద్దరికీ తెలుస్తోంది.

“ఊరుకోకపోతే ఏం చేస్తారు మామయ్యా?” అన్నాను, కోడల్ని కదా అని తగ్గకుండా.

“ఏం చేస్తానా? ఈ వీధి సంఘానికి అధ్యక్షుణ్ణి నేను!”

“తెలుసు. ఆ సంగతి పాలవాడికి కూడా తెలుసు.”

వడ్రంగి నవ్వు ఆపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. మామయ్య వాడి మీద విరుచుకుపడ్డారు. ఎవరడిగి చేశావు, కొలతలు ఎవరిచ్చారు, పాత ఇంటి ముందు ఇలాంటి చెక్కముక్క వేయకూడదని తెలియదా అని ఊపిరి తిప్పుకోకుండా దులిపేశారు.

“అమ్మగారు చక్రాల కుర్చీలో ఉన్నారు కదండీ. మెట్లు దిగాలి కదా అని…” వాడు నసిగాడు.

“చూడండి మామయ్యా, అతనికి అర్థమైంది,” అన్నాను.

మామయ్య ఇస్త్రీ చొక్కా చేతులు సర్దుకుని, గొంతు తగ్గించి, ఒకప్పుడు కాలేజీలో పాఠం చెప్పినట్టే మొదలుపెట్టారు. “సాయంత్రం నగర సంఘం వాళ్ళొస్తున్నారు. గుమ్మం పక్కన ‘చారిత్రక గృహం’ అని ఇత్తడి ఫలకం బిగిస్తారు. ఈ వీధిలో మొట్టమొదటి ఫలకం మన ఇంటికి! ఆ సమయంలో మెట్ల మీద ఇది అడ్డంగా పడుకుని ఉంటే నా పరువేం కావాలి?”

“అత్తయ్య నెల రోజులుగా వెనక గదిలో పడుకుని ఉంది. దానికేం కాలేదా మీ పరువు?”

“ఫలకం పెట్టాక చూద్దాం.”

“పెట్టాక చూడ్డానికేముంది? ఒకసారి అది బిగిస్తే ఇంటి ముందు ఏ మార్పూ చేయకూడదు. బల్ల ఒక్క పూట కూడా వేయకూడదు. ఆ నిబంధన పెట్టించింది మీరే కదా?”

“పెట్టించినవాణ్ణి నేనే మాట తప్పితే ఇంకెవరు పాటిస్తారు? ఎదురింటి టైలరమ్మ చేత బల్ల తీయించాను. ఇప్పుడు నా గుమ్మానికి బల్ల వేస్తే ఆవిడ నవ్వదూ?”

“ఆవిడ ఎప్పటినుంచో నవ్వుతోంది. మీరు చూడటం లేదంతే.”

టైలరమ్మ ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆవిడ గుమ్మానికి మొదటినుంచీ మెట్లు లేవు, వాలుగా రాతి పలక ఉండేది. అది ఈ వీధి పద్ధతి కాదని మామయ్య తీర్మానించి, ఆ పలకని కొట్టించి, మా మెట్లలాంటివే మూడు మెట్లు ఆవిడ ఖర్చుతోనే కట్టించారు. ముసలివాళ్ళు ఎక్కలేకపోతున్నారని ఆవిడ బల్ల వేసుకుంటే అదీ తీయించారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, మూడే మెట్లు అనకుండా ఉంటారా?

వడ్రంగి బల్లని వెనక్కి తీసుకెళ్ళనని మొండికేశాడు. చివరికి ఇద్దరం కలిసి హాల్లోంచి మోసుకెళ్ళి పెరటి గోడకి చేరేశాం. ఆ పెరట్లోంచి సందులోకి దారి ఉంటే ఈ గొడవే లేదు. ఆ దారిని పక్క హోటలుకి అమ్మింది కూడా మా చరిత్ర రక్షకులు మామయ్యగారే.

మా వీధి చూడటానికి రోజూ గుంపులు గుంపులుగా జనం వస్తారు. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ళ సీసాలు. ఆరేసిన నా చీరని కూడా ఫోటో తీసుకుంటారు. ఊరి నడిబొడ్డుకి కూతవేటు దూరంలో ఇంత పాత వీధి ఉండటం అదృష్టమట! వాళ్ళు అరగంట ఉండి పోతారు కాబట్టి అదృష్టం. వర్షం పడితే పడకగదిలో బకెట్లు పెట్టుకునేది మేము.

శనివారం శనివారం మామయ్యే వాళ్ళకి ఇల్లు చూపిస్తారు. “ఇది మా ముత్తాతగారి దివాణం. ఈ మూడు మెట్లు చూడండి. మొదటిది వినయం, రెండోది విద్య, మూడోది వైభవం,” అని చెయ్యి చాపుతారు. జనం ఒక్కో మెట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడతారు. వినయం మీద కాకి రెట్ట వేస్తే కడిగేది మాత్రం నేను.

అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగాక ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. హోటల్లో సామాన్లు మోసే ఇద్దర్ని పిలిచి, కుర్చీతో సహా ఆవిణ్ణి మెట్ల మీంచి దింపించారు. సరిగ్గా అప్పుడే ఒక గుంపు వచ్చింది. టకటకా ఫోటోలు తీసుకున్నారు. పల్లకీ అనుకున్నారు కాబోలు! అత్తయ్య కొంగు మొహం మీదికి లాక్కుంది. “ఇంకోసారి నన్ను మొయ్యద్దు. నేను బీరువాని కాను,” అని ఆస్పత్రినుంచి మళ్ళీ అలాగే మోసుకొచ్చిన రోజే చెప్పేసింది. అప్పటినుంచి వీధి మొహం చూడలేదు.

బల్ల పెరట్లో పెట్టి నేను వెళ్ళేసరికి అత్తయ్య వెనక గదిలో కుర్చీలో కూర్చుని ఉంది.

“బల్ల వెనక్కి వచ్చేసిందా?”

“పెరట్లో ఉంది అత్తయ్యా.”

“విన్నానులే. ఆయన అరుపులు వీధి చివరికి కూడా వినిపించి ఉంటాయి. చెల్లెలు భయపడిందో ఏమో.”

వీధి చివర చిన్న మేడలో ఉంటుంది ఆ చెల్లెలు. మాకు పిన్ని. వారం క్రితం మంచాన పడింది. అక్కాచెల్లెళ్ళు ఒకే వీధిలో కాపురం చేసి, రోజూ సాయంత్రం ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుని అందరి మీదా చాడీలు చెప్పుకున్న మనుషులు. ఇప్పుడు ఆవిడ అక్కడ, ఈవిడ ఇక్కడ.

దాచి ప్రయోజనం లేదనిపించింది. “పొద్దున పిన్ని కూతురు ఫోన్ చేసింది. నిన్నటినుంచి మంచినీళ్ళు కూడా దిగటం లేదట. చూసేవాళ్ళు వచ్చి చూడమన్నాడట డాక్టరు.”

“నన్ను అడిగిందా?”

“కళ్ళు తెరిచినప్పుడల్లా ‘అక్క వచ్చిందా’ అంటోందట.”

అత్తయ్య చీర అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడ తిడుతుందని మంచం మీది దుప్పటి సర్దడం మొదలుపెట్టాను.

“అమ్మాయ్, ఈ మెట్లు ఎవరు కట్టారో తెలుసా నీకు?”

“మామయ్య వాళ్ళ ముత్తాత. దివాన్‌గిరీ చేసే రోజుల్లో…”

“దివానేమిటే, నా మొహం! ఉప్పుకొట్టు ఇది.”

“ఉప్పుకొట్టా?”

“నేను కాపురానికొచ్చిన రోజున ఈ గుమ్మానికి మెట్టూ లేదు గిట్టూ లేదు. టైలరమ్మ వాళ్ళింటికున్నట్టే వాలుగా రాతి పలక. ఉప్పు బస్తాల తోపుడు బళ్ళు తిన్నగా హాల్లోకొచ్చేవి. దివాన్‌గారి గది అని అందరికీ చూపిస్తారే, అక్కడ కాటా ఉండేది. వానాకాలమొస్తే గోడలు చెమర్చేవి. ఇప్పుడు మాత్రం చెమర్చటం లేదా ఏం? దానికి సున్నం పూసి ప్రాచీన కళ అంటున్నారు.”

“మరి మెట్లు?”

“మా మామగారు పోయాక వ్యాపారం వదిలేశారు. మీ మామయ్యకి కాలేజీలో ఉద్యోగం అప్పుడే కొత్త. స్టాఫు రూములో ఎవరో ‘ఉప్పుకొట్టు వాళ్ళబ్బాయి’ అన్నారట. అంతే, ఇంటికొచ్చి అన్నం మానేశారు. ఆ వేసవిలోనే మేస్త్రీని పిలిచి వాలు కొట్టించి, కూలిపోయిన సత్రం రాళ్ళు ఎక్కడినుంచో తెప్పించి మెట్లు పేర్పించారు. రాళ్ళు పాతవేలే. కథే కొత్తది.”

మసి పూసి మారేడుకాయ చేయడమంటే వినడమే గానీ, మారేడుకాయలో కాపురం చేస్తున్నానని నాకిప్పుడే తెలిసింది.

“ఇన్నేళ్ళూ మీరెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“నన్నెవరడిగారు? కథ చెప్పేది ఆయన, కాఫీలిచ్చేది నేను. మొదట్లో చెల్లెలూ నేనూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. పోనీలే, మగాడి సరదా అనుకున్నాను. ఆ సరదా వచ్చి నా కాళ్ళకే అడ్డం పడుతుందనుకోలేదు.” ఆగి, నా వైపు తిరిగింది. “మీ ఆయనకి గడ్డం కింద మచ్చ ఉంటుంది చూడు.”

“సైకిల్ మీంచి పడ్డానని చెప్పారు.”

“సైకిలెక్కడిది వాడికి? మెట్లు కట్టిన మర్నాడు, రోజూలాగే వాలనుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి బోర్లా పడ్డాడు. రెండో తరగతి అప్పుడు. గడ్డం చీలిపోయి ఇంత రక్తం! సైకిలని చెప్పమని వాళ్ళ నాన్నే నేర్పాడు.”

*

మా ఆయనది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. ఫలకం పండగకని మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చారు. కొత్త చొక్కా తొడుక్కుంటూ అద్దం ముందు నిలబడి ఉండగా వెళ్ళి అడిగాను.

“మీ గడ్డం కింద మచ్చ ఎలా వచ్చింది?”

బొత్తం మీద చెయ్యి ఆగింది. “చెప్పాను కదా.”

“అదే, మళ్ళీ చెప్పండి.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“పిన్నికి ఇవాళో రేపో అన్నట్టుంది. మీ అమ్మ వెళ్ళాలి. ఫలకం పడిందంటే ఆ గుమ్మంలోంచి కుర్చీ దిగదు. మీకు నిజం తెలుసు. మీ నాన్నకి ఒక్క మాట చెప్పండి.”

“నాన్నకి డెబ్భై దాటాయి. ఈ ఒక్క రోజు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారో నీకేం తెలుసు?”

“మీ అమ్మకి ఎన్ని దాటాయి?”

“అబ్బా! నన్ను మధ్యలోకి లాగకు.”

“మీరు మధ్యలో ఎప్పుడున్నారు? ఎప్పుడూ ఓ పక్కకే ఉన్నారుగా.”

కోపంగా ఓ మాట అన్నా బాగుండేది. దువ్వెన తీసుకుని, ఇంతకుముందే దువ్వుకున్న తల మళ్ళీ దువ్వుకున్నారు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఈయన కోసమా నేను మా వాళ్ళతో పోట్లాడి ఈ ఇంటికొచ్చాను!

వెనక గదికి వెళితే అత్తయ్య అప్పటికే చీర మార్చుకుని ఉంది. కుర్చీలో కూర్చునే ఎలా మార్చుకుందో, కుచ్చిళ్ళు అస్తవ్యస్తంగా ఉన్నాయి. సరిచేశాను.

“నన్ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళు,” అంది.

“మామయ్య మిమ్మల్ని గదిలోనే ఉంచమన్నారు.”

“అందుకే.”

*

వాళ్ళు వచ్చారు. నగర సంఘం మేడమ్, ఆవిడ వెనక ఫోటోగ్రాఫరు, స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషి. వీధిలో వాళ్ళు కొందరు. వాళ్ళలో సగం మంది మామయ్య వేసిన జరిమానాలు కట్టినవాళ్ళే. అయినా చప్పట్లు కొట్టడానికి వచ్చారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?

మేడమ్ కళ్ళజోడు కేసి చూశాను. కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షలు చేయడం నా ఉద్యోగం కాబట్టి నాకు ముందు అదే కనిపిస్తుంది. దగ్గరికీ దూరానికీ పనికొచ్చే అద్దాలు. ఈవిడకైనా ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుందని కొంచెం ధైర్యం వచ్చింది.

మామయ్య కింది మెట్టు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. “మొదటి మెట్టు వినయం…”

కుర్చీ చక్రం గడపకి తగిలి చప్పుడైంది. అందరూ పైకి చూశారు. మామయ్య మొహంలో రంగు మారింది. మా ఆయన గబగబా మా వెనక్కి వచ్చి, “లోపలికి తీసుకెళ్ళు,” అని నా చెవిలో గొణిగారు. నేను కదల్లేదు.

“…రెండోది విద్య, మూడోది వైభవం,” అని మామయ్య ఎలాగో పూర్తిచేశారు.

మేడమ్ నవ్వుతూ అత్తయ్యకి నమస్కారం పెట్టింది. “మీరే కదమ్మా ఈ ఇంటి పెద్ద కోడలు? ఇంత చరిత్ర ఉన్న మెట్లు రోజూ ఎక్కి దిగారు. ఎంత అదృష్టం! మీకు తెలిసింది ఏదైనా ఒకటి చెప్పండి.”

జన్మలో మొదటిసారి అత్తయ్యని ఒకరు అడిగారు.

ఆవిడ మామయ్య వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశారు. ఆ సైగలో బెదిరింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కలగలేదు.

“ఈ మెట్లు నా పెళ్ళయ్యాక కట్టినవి,” అంది అత్తయ్య. ప్రశాంతంగా, కాఫీలో చక్కెర వేయాలా అని అడిగినట్టే అంది. “అంతకుముందు ఇక్కడ వాలు ఉండేది. ఇది ఉప్పుకొట్టు. బస్తాలు దొర్లించుకోవడానికి వాలు. దివానూ లేడు, దివాణమూ లేదు.”

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. ఎదురుగా టైలరమ్మ తన మెట్ల మీద లేచి నిలబడింది.

మామయ్య నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు అసహ్యం వేసింది. “క్షమించండి మేడమ్. పడ్డప్పటినుంచీ ఆవిడకి మతి సరిగ్గా ఉండటం లేదు. ఏదేదో మాట్లాడుతుంది. అందుకే లోపల ఉంచమన్నాను.”

అత్తయ్య చేతులు కుర్చీ పిడుల మీద బిగుసుకున్నాయి. తుంటి విరిగిన రోజు కూడా ఆవిడ మొహం అలా అయిపోలేదు.

మేడమ్ మొహమాటపడుతూ మా వెనక్కి చూసింది. “మీరు వాళ్ళ అబ్బాయి కదూ? మీకేమైనా గుర్తుందా?”

నేను తల తిప్పి చూశాను. మా ఆయన చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్ళింది. మచ్చని తడిమింది. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి చాలు.

“అప్పుడు నేను… చిన్నవాణ్ణి. నాకు గుర్తులేదు,” అన్నారు.

ఛీ అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా తెలియదు.

“పోనీలే నాన్నా,” అంది అత్తయ్య. కొడుకు వైపు తిరగనైనా తిరగలేదు. “అమ్మాయ్, ఆ బల్ల తీసుకురా.”

నేను కుర్చీకి బ్రేకు వేసి పెరట్లోకి పరిగెత్తాను. ఒక్కదాన్నే ఈడ్చుకొస్తుంటే హాల్లో ఎవరో రెండో కొన ఎత్తారు. టైలరమ్మ! ఎప్పుడు వీధి దాటి వచ్చిందో, చెప్పులు కూడా విప్పకుండా వచ్చేసింది.

“పట్టు, పట్టు,” అంది. “నా పలక కొట్టించిన రోజునుంచి ఈ బరువు మోస్తూనే ఉన్నాను. ఇదో లెక్కా?”

గడప మీదినుంచి బల్లని దించాం. వైభవం, విద్య, వినయం మూడూ బల్ల కిందికి పోయాయి. వడ్రంగి కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కింది కొస నేలకి సరిగ్గా ఆనింది.

ఆ కొస ముందు మామయ్య వచ్చి నిలబడ్డారు.

“ఈ బల్ల మీంచి కుర్చీ దిగితే ఫలకం వెనక్కి పోతుంది. నలభై ఏళ్ళ నా కష్టం! నలుగురిలో నా పరువు తీసి నువ్వెక్కడికి వెళ్తావే?”

“మా చెల్లెలి దగ్గరికి.”

“రేపు నేనే మోయించి పంపిస్తాను.”

“రేపటికి అది ఉంటుందని మీరు రాసిస్తారా?”

మామయ్య కదల్లేదు. చేతులు రెండు పక్కలకీ చాపారు, శనివారం జనానికి ఇల్లు చూపించినట్టు. స్క్రూడ్రైవరు మనిషి ఫలకాన్ని గుండెలకి ఆనించుకుని మేడమ్ వంక చూస్తున్నాడు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

“ఏమండీ, ఇన్నాళ్ళూ మీ కథ విన్నాను,” అంది అత్తయ్య. “ఇప్పుడు నా చెల్లెలి మాట వినడానికి వెళ్తున్నాను. దారి ఇవ్వండి.”

“ఇవ్వను.”

“బ్రేకు తియ్యమ్మాయ్.”

“అత్తయ్యా, ఆయన తప్పుకోకపోతే…”

“తియ్యి.”

తీశాను. కుర్చీ బరువంతా ఒక్కసారిగా ముందుకి లాగింది. ముందు చక్రాలు గడప దాటి బల్ల ఎక్కాయి. నా చెప్పులు జారుతున్నాయి. ఒక్కదాన్నే ఆపలేననీ, ఆపకపోతే ఏమవుతుందో తెలియదనీ అర్థమై శక్తికొద్దీ వెనక్కి పట్టి లాగాను. కింద మామయ్య చేతులు చాపుకుని అలాగే ఉన్నారు.

అప్పుడు నా పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి కుర్చీ రెండో పిడిని గట్టిగా పట్టుకుంది. కొత్త చొక్కా చెయ్యి. మా ఆయనది.

ముందుకి దింపడానికో, వెనక్కి లాగడానికో నాకు తెలియలేదు.